తడి అంగి కొలత

యాదలక్ష్మి మగవాళ్ళ నడుముల వంక చూస్తుందట. చూడటం వరకే అయితే కళ్ళున్న మనిషి కదా అని సరిపెట్టుకోవచ్చు. చూసి, నలుగురి ముందర ఆ నడుము ఎంతో నంబరు కూడా చెప్పేస్తుందట. ఈ మాట కిష్టవ్వ చెవిన వేసింది పక్కింటి అరుణ. అరుణకు చెప్పింది ఆమె పెనిమిటి రత్నాకర్. రత్నాకర్‌కు ఎవరు చెప్పారో అరుణ చెప్పలేదు, కిష్టవ్వ అడగలేదు.

“నాకేం పడ్డదక్కా, నీ మంచికే చెప్తున్న,” అంది అరుణ నడుమగోడ మీద మోచేతులు ఆనించి. “మొగోడు దుకాణం మెట్లెక్కుతుండంగనే నీ కోడలు కిందికెల్లి మీదికి ఒక్క చూపు చూస్తదంట. ‘ముప్పై ఆరు’ అంటదంట. సంసారం జేసే ఆడిది అనే మాటనా అది? మా ఆయన చెప్తుంటే నాకే తలకాయ తీసేసినట్టయింది.”

కిష్టవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. తీసిన గింజనే మళ్ళీ చింతపండులో పడేసింది. ఆ మాట మీద ఆమె మనసు అంతగా చెడింది.

యాదలక్ష్మి ఆ బట్టల దుకాణంలో చేరి నాలుగు నెలలు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు ఇంట్లోనే కూర్చుని టైలర్ల దగ్గర నుంచి అంగీలు తెచ్చుకుని గుండీలు కుట్టేది, కాజాలు తీసేది. తల వంచితే సాయంత్రానికి గానీ ఎత్తేది కాదు. దుకాణంలో చేరినప్పటి నుంచి పొద్దున జడ వేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. కిష్టవ్వకు అది వినడం బాగుండేది. ఇప్పుడు అదే రాగం చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన కొడుకు మల్లేశ్ ముందు ఆమె సంగతి ఎత్తింది. మల్లేశ్ ఆటో నడుపుతాడు. ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు.

“ఆటో అడ్డ మీద నాకు గూడ అన్నరే అవ్వా. నేనడిగితే ఇంట్ల లొల్లి అయితది. ఎట్లాగూ పెత్రమాసకు బాపుకు బట్టలు తేవాలె గదా. నువ్వే పో. ఆ దుకాణంలనే తీస్కో. గడియసేపు కూసోని నీ కండ్లతోని చూడు. నువ్వు మానుమంటే రేపటి సంది మానుతది. నువ్వన్నంక నేనొక్క మాట గూడ అడగ.”

తీర్పు అట్లా కిష్టవ్వ చేతికి వచ్చి పడింది.

పెత్రమాస ఇంకా నాలుగు రోజులుంది. పోయిన పెద్దలకు ఆ రోజు ఇష్టమైనవి వండి, కల్లు పోసి, కొత్త బట్టలు పెట్టి మొక్కుతారు. ఆ తర్వాత ఆ బట్టలు కొడుకు తొడుక్కుంటాడు. కిష్టవ్వ మొదట్లో పెనిమిటికి పంచె, కండువా పెట్టేది. పంచెకు సైజేమిటి, ఎవరు కట్టుకుంటే వాళ్ళదే. మల్లేశ్ పెద్దవాడయ్యాక ప్యాంటు, అంగి పెట్టడం మొదలైంది. అవి మల్లేశ్ సైజువి. ఎట్లాగూ వాడే తొడుక్కోవాలి కదా! నాన్నకు పెట్టే బట్టలు కొడుకు కొలతన కొనడం ప్రతి ఏడూ కిష్టవ్వకు ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది. ఎవరికి చెబుతుంది? చెబితే మాత్రం, మరి ఆయన కొలత ఎంత అని అడిగితే ఏమంటుంది?

మర్నాడు పదకొండు గంటలకు చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని బయలుదేరింది. దుకాణం రాందాస్ చౌరస్తా దాటి చర్చి వైపు పోయే దారిలో ఉంది. మెట్ల మీద అడుగు పెట్టిందో లేదో లోపల నుంచి యాదలక్ష్మి చూడనే చూసింది. గబగబా ఎదురొచ్చి సంచి అందుకుంది.

“బట్టలకొచ్చినవా అత్తా, నా కొరకొచ్చినవా?”

కిష్టవ్వ ఉలిక్కిపడింది. “బట్టలకే. ఎందుకట్ల అడుగుతున్నవ్?”

“చెప్పులు మెట్ల కిందనే ఇడిసినవ్. కొననీకె వచ్చినోళ్లు చెప్పులతోనే వస్తరు. పంచాయితీకి వచ్చినోళ్లే కింద ఇడుస్తరు.” నవ్వి, స్టూలు లాగి వేసింది. “కూసో. జర గిరాకి తగ్గనీ.”

గల్లా దగ్గర కూర్చున్న యజమాని ఫిలిప్ లేచి నమస్తే పెట్టాడు. తలంతా నెరిసిన మనిషి, చర్చి క్వైర్‌లో పాడే గొంతు. “కూసోండ్రమ్మా. చాయ్ తెప్పిస్త. మీ కోడలు మా దుకాణంల చేరినంక వాపసు వచ్చే బట్టలే లేకుండ పోయినయి.”

కిష్టవ్వ కూర్చుంది. చూడటానికే వచ్చింది కాబట్టి చూడటం మొదలుపెట్టింది.

ముందు అల్లాదుర్గ్ నుంచి వచ్చిన ఒక యువకుడు. ముప్పై రెండు నంబరు ప్యాంటు అడిగి తీసుకుని, నడుము పట్టీని మెడ చుట్టూ తిప్పి చూసుకున్నాడు. అంచులు రెండూ మెడ వెనక కలిస్తే ప్యాంటు సరిపోయినట్టే లెక్క. మెదక్‌లో అంగట్లో కొనేవాళ్ళంతా అట్లాగే చూసుకుంటారు. కలిశాయి. వాడు సంబరంగా తలాడించాడు.

“ముప్పై నాలుగు తీస్కో తమ్మీ,” అంది యాదలక్ష్మి అవతల అంగీలు మడత పెడుతూనే.

“మెడకు సరిపోయిందక్కా.”

“అన్నం మెడ తింటదా?”

దుకాణంలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. వాడూ నవ్వాడు. ట్రయల్ రూములోకి పోయి, మొహం వేలాడేసుకుని బయటకొచ్చి, మారు మాట్లాడకుండా ముప్పై నాలుగు తీసుకుపోయాడు.

కిష్టవ్వ పట్టుగా చూసింది. కోడలు వాణ్ణి చూసింది ఒక్కసారే. ఆ చూపులో అరుణ చెప్పిన యవ్వారమేదీ లేదు. పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసి మళ్ళీ మూత పెట్టినంతే.

తర్వాత శివ్వంపేట నుంచి ఒకావిడ వచ్చింది. పెనిమిటి లారీ మీద పోయాడట, వచ్చేసరికి కొత్త ప్యాంటు సిద్ధంగా ఉండాలట. నంబరు తెలియదు.

“పొడుగా పొట్టినా అక్కా?”

“పొడుగూ కాదు, పొట్టీ కాదు. మనిషి మంచోడు.”

“మంచితనానికి నంబర్ లేదక్కా,” అంది యాదలక్ష్మి. “సరే, గిది చెప్పు. తానం జేసినంక పెద్ద తువ్వాల కట్టుకుంటడు గదా. కట్టుకుంటే రెండో కొస యాడికొస్తది? ముంగటికా, పక్కకా?”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ముంగటికి రానే రాదు. పక్కన తొడ కనిపిస్తనే ఉంటది. నేను రోజూ తిడ్తనే ఉంట!”

“నలభై నాలుగు,” అంది యాదలక్ష్మి, పై అర నుంచి ప్యాంటు లాగుతూ.

ఆవిడ నమ్మలేదు. పెనిమిటికి ఫోన్ కలిపింది. అతను ఎక్కడో దాబా దగ్గర ఆగి, తొడుక్కున్న ప్యాంటు లోపలి పట్టీ చదివి చెప్పాడు. ఫోనులో గొంతు అందరికీ వినిపించింది: “నలభై నాలుగు. ఎందుకే?”

కిష్టవ్వ చేతిలోని చాయ్ చల్లారిపోయింది. తాగడం మరిచిపోయింది.

ఒకప్పుడు చేగుంట పక్క ఊళ్ళో ఆమెకు ఒక పేరుండేది. కళ్ళంలో వడ్ల కుప్ప చూసి ఎన్ని బస్తాలవుతాయో చెప్పేది. పటేండ్లు సంచులు కుట్టించే ముందు కిష్టవ్వను పిలిపించుకునేవారు. ఆ చూపు ఎవరూ నేర్పితే వచ్చింది కాదు. ఎట్లా చెబుతున్నావని అడిగితే చెప్పలేకపోయేది. ఆనాడు ఆమె కుప్ప వంక చూస్తే సిగ్గులేనిదని ఎవరూ అనలేదు.

ఇంతలో ఒక ముసలాయనను కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చాడు. దవాఖానాలో నెలరోజులున్నాడట. ఒంటిమీది అంగి దండెం మీద వేలాడదీసినట్టు ఊగుతోంది.

“బాపుకు ముప్పై ఎనిమిది అంగి చూపియ్యమ్మా. పాతయి అన్నీ వదులైనయి,” అన్నాడు కొడుకు.

యాదలక్ష్మి ముసలాయనకు స్టూలు వేసింది. ఆయన నడుము బెల్టుకు మేకుతో కొత్తగా పొడిచిన రెండు రంధ్రాలున్నాయి. ఆమె చూపు వాటి మీద ఒక క్షణం ఆగి, ఆయన మణికట్టు మీదికి, అక్కణ్ణుంచి భుజాల మీదికి పోయింది.

“నలభై తీస్కపోండ్రి.”

“వదులైతది గదమ్మా.”

“ఇయ్యాల వదులైతది. మణికట్టు, భుజాల బొక్కలు పెద్దయి తాతయి. దీపావళికల్లా నిండుతడు. అప్పుడు ముప్పై ఎనిమిది పట్టదు, మళ్ల నా మీదికే లొల్లికొస్తవు.”

ముసలాయన అప్పటిదాకా నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తాడు. “నిండుతనంటవా బిడ్డా?”

“నిండుతవు తాతా. నేను చెప్పిన నంబర్ తప్పదు, కావాల్నంటే ఫిలిప్ సారునడుగు.”

ఆయన నలభై నంబరు అంగిని కొడుక్కి ఇవ్వకుండా తనే ఒళ్ళో పెట్టుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు కొడుకు చెయ్యి వదిలిపెట్టి గోడ పట్టుకున్నాడు.

కోడలు ఉన్న మనిషిని చూడలేదు, కాబోయే మనిషిని చూసింది. వడ్ల కుప్పలో బస్తాలు చెప్పడం వేరు. నారుమడి చూసి బస్తాలు చెప్పినట్టుంది ఇది.

ఫిలిప్ ఆమె పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. “మీ పక్కింటి రత్నాకర్ సారు గూడ వచ్చిండమ్మా మొన్న. ముప్పై నాలుగు గావాల్నన్నడు. మీ కోడలు దగ్గరికి పోయి, మెల్లగ, ‘నలభై పడతది అన్నా’ అన్నది. ఇనలే. ముప్పై నాలుగే ఏస్కున్నడు. గుండీ తెగి ట్రయల్ రూము కిందికెల్లి దొర్లుకుంట వచ్చి నా గల్లా కాడ ఆగింది. దాన్ని చూసి అందరు నవ్విన్రు గని, ఈ పిల్ల నవ్వలే. మళ్ల కుట్టి ఇచ్చింది.”

కిష్టవ్వ చల్లారిన చాయ్ గ్లాసు కింద పెట్టింది. తర్వాత, “ఆ గుండీ ఊరంత దొర్లింది సారూ,” అంది.

రెండింటికి గిరాకీ పలచబడింది. యాదలక్ష్మి చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. “చెప్పత్తా. మామకు బట్టలు గదా?” అంటూనే అలవాటుగా ముప్పై ఎనిమిది నంబరు అంగీల అరలోకి చెయ్యి పెట్టింది.

“గది నీ మొగని కొలత,” అంది కిష్టవ్వ. “నాకు మీ మామ కొలత గావాలె.”

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ముప్పై అయిదేళ్ళు గొంతులో ఉన్న మాట. కోడల్ని పరీక్షించాలనో, లేక ఇంతసేపూ చూసిన చూపు తనకూ ఒక్కసారి పని చేయాలనో.

యాదలక్ష్మి చెయ్యి అరలోనే ఆగిపోయింది. మామను ఆమె చూడలేదు. చూసినవాళ్ళలో ఇంకా బతికున్నది ఊళ్ళో ఇద్దరో ముగ్గురో. ఫోటో కూడా లేదు. మల్లేశ్ ఇంకా నడక నేర్వక ముందే కిష్టవ్వ పెనిమిటి ఎల్లం మూడు రోజుల జ్వరంతో పోయాడు.

“మా ఆయన కంటె పొడుగు ఉంటుండెనా?”

“ఏమో.”

“లావా?”

“ఏమో బిడ్డా.”

“నీ పక్కన నిలబడితే నీ తల యాడికొస్తుండె?”

“పక్కన యాడ నిలబడ్డ?” అంది కిష్టవ్వ. “పదకొండు మంది ఇల్లు. అత్త, మామ, బావలు, తోటికోడండ్లు. ఆయన ఎదురొస్తే తల వంచుకొని జరుగుడే. తెల్లారకముందు మిల్లుకు పోతుండె, దీపం ఆర్పినంక వస్తుండె. ఏడేండ్లు కాపురం. పాదాలు తెలుసు. ఎడమకాలు బొటనవేలు గోరు నల్లగుంటుండె. అంతకు పైన అడగకు, నాకు తెలువది.”

ఫిలిప్ తల దించుకుని కట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

యాదలక్ష్మి కొలతటేపు మెడలో నుంచి తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది. మళ్ళీ చుట్టుకుంది. “అత్తా, మామ బట్టలు ఎవలుతుకుతుండె?”

“నేనే. ఇంకెవలు ఉతుకుతరు?”

“ఉతికి, పిండినంక, తీగె మీద ఏసే ముందల విదిలిస్తవు గదా. అంగిని ఎట్ల పట్టుకుంటుంటివి?”

“ఎట్లేంది, రెండు భుజాలు రెండు చేతులతోని పట్టుకొని…”

“నోటితోని చెప్పకు. నిలబడు. కండ్లు మూస్కో. పిండి, విదిలియ్యి.”

కిష్టవ్వ నవ్వబోయింది. కోడలి మొహం చూసి నవ్వలేదు. లేచి నిలబడి కళ్ళు మూసుకుంది. ముందు చేతులు సిగ్గుపడ్డాయి, గాలిలో ఏం చేయాలో తెలియక. తర్వాత పిండటం మొదలుపెట్టాయి. మిల్లు తవుడు పట్టిన ఖాకీ అంగి, పిండితే కుడి మణికట్టు నొప్పి పుట్టేది. ఆ నొప్పి వచ్చింది. మెలికలు విప్పి, రెండు భుజాల కుట్లు వేళ్ళతో వెతికి పట్టుకుని, ఒక్కసారి పైకెత్తి విదిలించింది.

చేతులు వాటంతట అవే ఆగిపోయాయి.

“కదలకు,” అంది యాదలక్ష్మి.

టేపు చల్లగా రెండు బొటనవేళ్ళ మధ్య తగిలీ తగలనట్టు సాగింది. “పద్దెనిమిదిన్నర. దించు. మళ్ల విదిలియ్యి అత్తా.”

మళ్ళీ విదిలించింది. పద్దెనిమిదిన్నర. మూడోసారి ఫిలిప్ గల్లా వదిలి వచ్చి టేపు అంచు తానే పట్టుకుని చూశాడు. పద్దెనిమిదిన్నర. నూలుపోగంత తేడా లేదు.

“దేవా!” అన్నాడాయన, ఆ ఒక్క మాటే.

“ఆరినంక మడత పెట్టేటప్పుడు?” అంది యాదలక్ష్మి, టేపు మళ్ళీ సాగదీస్తూ.

“కాలరు గదవ కింద ఒత్తిపట్టుకొని…” కిష్టవ్వ కళ్ళు మూసుకునే గడ్డం ఛాతీకి ఆనించి, కింది అంచు కోసం చేతులు దించింది. చేతులు మోకాలికి నాలుగు వేళ్ళ పైన ఆగాయి. యాదలక్ష్మి గడ్డం నుంచి అక్కడి దాకా టేపు దించి కొలిచింది.

“పొడుగు ముప్పై ఒకటి, భుజం పద్దెనిమిదిన్నర. అంటే నలభై రెండు నంబర్.”

నిచ్చెన వేసుకుని పై అర నుంచి ఒక అంగి తీసింది. మట్టి రంగు. కవరు చించి, పిన్నులు పీకి, మడతలు విప్పి అత్త చేతుల్లో పెట్టింది. కిష్టవ్వ భుజాలు రెండూ పట్టుకుని విదిలించింది. ఫట్‌మని మోగి అంగి ఆమె ముందర నిలబడింది.

అప్పుడు చూసింది. ఇంత వెడల్పు. ఇంత ఎత్తు. ఆ అంగి అవతల దుకాణం సగం కనబడలేదు, వీధి కనబడలేదు. తెల్లారకముందు ఆయన మిల్లుకు పోతుంటే గడపలో వెన్నెల ఆగి ఒక్క క్షణం చీకటయ్యేది. తలుపు మూశారేమో అనుకునేది తను. తలుపు కాదు, మనిషి. ఆ గడప నిండా మనిషి.

“ఇంత మనిషా,” అంది. ఎవరితోనూ కాదు. ఎంతసేపు అట్లా పట్టుకుని నిలబడిందో, చేతులు లాగుతున్నా దించలేదు. చర్చి వైపు నుంచి గంట వినిపించింది. దుకాణంలోకి రాబోయిన ఇద్దరు గిరాకీలు గడప దగ్గరే ఆగి, ఎందుకు ఆగారో తెలియకుండానే నిలబడ్డారు.

ఫిలిప్ ఆ రోజు యాదలక్ష్మిని అయిదింటికే పంపించేశాడు. అప్పటిదాకా స్టూలు మీదే కూర్చున్న అత్త, కోడలితో కలిసి ఇంటికి నడిచింది. సంచి కిష్టవ్వే పట్టుకుంది, ఇమ్మన్నా ఇవ్వలేదు.

ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. మల్లేశ్ గడపలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. నడుమగోడ మీద అరుణ మోచేతులు సిద్ధంగా ఉన్నాయి. ఆమె వెనక, వరండాలో, రత్నాకర్ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

మల్లేశ్ సంచి విప్పి అంగి తీశాడు. లోపలి పట్టీ చదివి కళ్ళు పెద్దవి చేశాడు. “నలభై రెండా! అవ్వా, నాకు ముప్పై ఎనిమిది గదనే. దీంట్ల నా అసొంటోళ్లు ఇద్దరు పడతరు.”

“నీకు కాదు. మీ బాపుకు.”

“బాపుకు పెట్టినంక తొడుక్కునేది నేనే గదా?”

“తొడుక్కో. వదులుగుంటే ఉండనీ. మీ బాపు ఎంత మనిషో నీకూ తెలువాలె.”

మల్లేశ్ అంగిని ఒంటికి ఆనించి చూసుకున్నాడు. భుజాల కుట్లు అతని భుజాలు దాటి కిందికి జారాయి. ఆ జారిన చోటును వేళ్ళతో తడుముకుంటూ ఉండిపోయాడు. చాలాసేపటికి భార్య వంక చూశాడు. యాదలక్ష్మి చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో ఇంకా ఎవరూ చెప్పనట్టు.

“మరి గా సంగతేందవ్వా?” అన్నాడు మెల్లగా. “పొయ్యొచ్చినవ్ గదా. రేపటి సంది మానమంటవా, పొమ్మంటవా?”

కిష్టవ్వ నోరు తెరిచేలోపే గోడ మీది నుంచి అరుణ అందుకుంది.

“ఇంకా అడిగేదేందిరా? నేనన్నది నిజమా కాదా, నీ నోటితోనే చెప్పక్కా. మొగోళ్ల దిక్కు చూస్తదా లేదా నీ కోడలు?”

కిష్టవ్వ కొడుకు చేతిలోని అంగి తీసుకుంది. రెండు భుజాలూ పట్టుకుని ఒక్కసారి విదిలించి, మడత పెట్టి, కోడలి చేతికిచ్చింది. అప్పుడు గోడ వైపు తిరిగింది.

“చూస్తది. రేపు గూడ పోతది, చూస్తది. నీ మొగని నడుము నలభై, నా మొగని అంగి నలభై రెండు. నీ మొగడు ఇంట్లనే ఉన్నడు, పోయి సక్కగ చూస్కో పో. నేను చూడకముందే నా మొగడు పోయిండు.”